పటములలోని పరాక్రమము

సేనాధిపతుల పాత ఛాయాచిత్రములను సేకరించుట మన సంపన్న గృహస్థులలో కొందరికి పరమపురుషార్థమైనది. కోరమీసము, ఒరలోని కత్తి, ఛాతీ నిండ పతకములు, ఈ మూడును గోధుమవన్నె కాగితముపై కానవచ్చినచో వారు వెలకు వెనుదీయరు. ఆ మహానుభావుడు ఏ యుద్ధమున గెలిచెనో, ఎందుండి పరుగిడెనో విచారించుట మాత్రము అరసికుల పని యని వారి నిశ్చయము.

ఇట్టి రసికులు అమరావతికి వచ్చినచో, ఇచ్చటి స్తూపశిల్పములను చిత్రింపజేసిన కర్నల్ మెకంజీ దొర ఫోటోయు, ఈ పట్టణమును నిర్మించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని ఫోటోయు అడుగక మానరు. అడిగినవారికి అమ్మువారును దొరకుదురు. నాయుడు 1816లోను, దొర 1821లోను దివంగతులు కాగా, ఫోటో తీయు దాగ్యేరు పద్ధతి పారిస్ నగరమున లోకమునకు వెల్లడియైనది 1839లో. కావున ఆ యిరువురును కెమెరా ముందు కూర్చుండుటకై స్వర్గమునుండి సెలవుపై వచ్చియుందురు! దొర రూపము మనకు దక్కినది 1816లో థామస్ హికీ వ్రాసిన తైలవర్ణచిత్రమున. అందు ఆయన చెంత ముగ్గురు దేశీయ సహాయకులును నిలిచియున్నారు. వారిని కత్తిరించి దొరను మాత్రమే అద్దమున బిగించినగాని మన రసికుని గోడకు నిండుదనము రాదు.

నిజముగ పాతవైన పటములు లేకపోలేదు. 1854లో డిస్డెరి యను ఫ్రెంచివాడు ఒక్క పలకపై అనేక చిన్న బొమ్మలు తీయు పద్ధతికి పేటెంటు పొందిన పిదప, సేనానుల ముఖములు చౌకసరకులై ఊరూర అమ్ముడుపోయినవి. నాడు చిల్లరకు దొరకిన ముఖమే నేడు అపురూప నిధి. టీనీళ్ళలో నానిన నిన్నటి కాగితము అంతకన్న అపురూపము.

పలనాటికి సేనానులు కొరవడిరా? బ్రహ్మనాయుని దళములను నడపిన కన్నమదాసునకు ఫోటో లేదు, పతకము లేదు. అయినను వీరగాథలు పాడు వీరవిద్యావంతుల గొంతున ఆయన శౌర్యము నిలిచినది. కారెంపూడిలో కార్తీకమాసపు ఉత్సవములందు జనులు వీరుల ఆయుధములకు మ్రొక్కుదురే కాని, వారి మీసముల కొలతలు అడుగరు.

కావున సంగ్రాహకులకొక విన్నపము: ప్రతి పటము వెనుకను సేనాని పేరు, యుద్ధము, సంవత్సరము, పటము తీసినవాని పేరు వ్రాసియుంచుడు. వ్రాయుటకేమియు దొరకనిచో, మీసమునకే మూల్యము చెల్లించితిమని నిర్భయముగ ఒప్పుకొనుడు. ఆ పటముతో మీ యింట ప్రవేశించు పరాక్రమము అదొక్కటియే.