సున్నా పెట్టండి, బ్యాటరీ నిలబెట్టండి

ల్యాప్‌టాప్ బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేస్తోందంటే తప్పంతా డిస్కుదే. ఎక్కువ కరెంటు తాగేది స్క్రీను అని చెప్పేవాళ్లు తగులుతారు, వినొద్దు. బ్రైట్‌నెస్ తగ్గించడం చిన్నపిల్లలకైనా వచ్చు. డిస్కు సెట్టింగులు మారిస్తేనే ఆఫీసులో నాలుగు తలలు మనవైపు తిరుగుతాయి.

మన శాస్త్రానికి సూత్రం ఒక్కటే: అంకె ఎంత చిన్నదైతే ఖర్చు అంత తక్కువ.

ముందు విండోస్. పవర్ ఆప్షన్స్‌లో హార్డ్ డిస్కును ఎన్ని నిమిషాలకు ఆపాలని అడిగే గడి ఉంటుంది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు మామూలుగా అందులో 10 ఉంటుంది. ఒకటి పెట్టొచ్చు గానీ, ఒకటి కన్నా సున్నా చిన్నది కదా! సున్నా కొట్టగానే ‘నెవర్’ అని పడుతుంది. కరెంటు ఇక ఎన్నడూ వృథా కాదని హామీ. డిస్కు ఇక ఎన్నడూ ఆగదని దానర్థమట, చాదస్తులు చెబుతారు.

లినక్స్‌లో హెచ్‌డీపార్మ్ ఉంది. అక్కడ మాత్రం కాస్త పట్టువిడుపు చూపి, ‘ఎస్’ విలువ 1 ఇవ్వండి. 5 సెకన్లు పని లేకపోతే డిస్కు తిరగడం ఆగిపోతుంది. తర్వాతి వాక్యం ఆలోచించేలోపు ఆగుతుంది, ఫైలు తెరవగానే లేస్తుంది. ఊరికే తిరిగేటప్పుడు వాటు లోపే తినే ఆ చిన్న డిస్కు, లేచేటప్పుడు 5 వాట్ల దాకా లాగుతుంది. లాగనివ్వండి, మళ్లీ ఆపేస్తాంగా. ‘బీ’ విలువ కూడా 1 చేస్తే హెడ్డు మాటిమాటికీ పక్కకు వాలుతూ టిక్కుమంటుంది. ఇలా వాలడానికి కొన్ని డిస్కులకు తయారీదారు రాసిచ్చిన ఆయుష్షు 3 లక్షల సార్లు. నిమిషానికి రెండుసార్ల చొప్పున, రోజుకు 8 గంటలు వాడితే 960. ఏడాది తిరక్కుండానే లెక్క సరి. కొత్త డిస్కు కొనుక్కోవచ్చు, పాతదాని కరెంటు ఎటూ మిగిలింది.

మీది ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీనా? దాంట్లో తిరిగేదేమీ లేదు. పని లేనప్పుడు తనంతట తనే నిద్రలోకి జారుకుని కొన్ని మిల్లీవాట్లతో సరిపెట్టుకుంటుంది. 2017లో వచ్చిన 4.11 కెర్నెల్ నుంచి లినక్స్ కూడా దీన్ని వాడుకుంటోంది. నిద్ర లేవడానికి ఎంత ఆలస్యమైనా ఓర్చుకుంటావని అడిగే సెట్టింగ్ ఒకటుంది. మన సూత్రం ప్రకారం సున్నా. దాంతో డిస్కు నిద్ర మొత్తానికే రద్దు.

సాటా ఎస్‌ఎస్‌డీ అయితే ‘మిన్ పవర్’ ఎంచుకోండి. కొన్ని డిస్కుల్లో దీనివల్ల డేటా పాడవుతోందని 4.15 కెర్నెల్‌లో మధ్యస్థంగా ఇంకో పద్ధతి పెట్టారు, విండోస్‌లో ఇంటెల్ డ్రైవరు నడిచే తీరు చూసి. మధ్యస్థం మనకెందుకు?

ఇంత చేసి పవర్‌టాప్ లాంటివి నడిపి కొలతలు తీయొద్దు. కొలిచినవాడికి సెట్టింగుల మీద నమ్మకం పోతుంది.

అసలు కిటుకు ఇప్పుడు చెబుతాను. లినక్స్ ప్రతి 5 సెకన్లకోసారి మెమరీలో పేరుకున్న మార్పుల్ని చూసి, పాతబడినవి డిస్కుకు ఎక్కిస్తుంది. ఆ 5 సెకన్ల చోట సున్నా పెడితే ఆ గస్తీ ఆగిపోతుంది. ప్రోగ్రాము పట్టుబడితేనో, మెమరీ నిండితేనో తప్ప మీ రాతలు డిస్కు ముఖం చూడవు. బ్యాటరీ హఠాత్తుగా ఆరిపోతే అవీ దాంతోపాటే పోతాయి. బ్యాకప్ ఉందా అని ఎవరైనా అడిగితే, పెన్‌డ్రైవ్ కూడా కరెంటు తింటుందని చెప్పండి.