కూత పెట్టిన చెవి మిషను: సటీకాతాత్పర్యము

మూలము

ఆ.వె. జామునందు లేచి శంషబాదున కేగ
కూత పెట్టె చెవిని కొత్త మిషను;
సెల్లు మార్చి చూడ చిన్నత్త వినదాయె;
గులిమి తీయ మిషను కోలుకొనియె.

అవతారిక: పాస్‌పోర్టు మరిచిపోవడం మీద ఎవరైనా పద్యం రాస్తారు. ఈ కవి చెవి మిషను మొరాయించడం మీద రాశాడు. నాయిక చిన్నత్త. దింపడానికి వచ్చిన మేనల్లుడికి టికెట్టు లేదు, టెర్మినల్ గుమ్మం దాటలేడు. ఆపైన సీఐఎస్ఎఫ్ జవాను అడిగేదంతా ఆవిడ ఒక్కతే వినాలి. ఏ మరమ్మతైనా గుమ్మం బయటే జరగాలి.

టీక: జామునందు = తెల్లవారుజామున. చీకట్లో, నిద్రమత్తులో అని ధ్వని. అలా పెట్టుకున్న మౌల్డు (మిషనుకు తగిలించి చెవిలో దూర్చే అచ్చు) సరిగ్గా కూర్చోదు. రెండో పాదంలోని కూతకు బీజం ఇదే.

శంషబాదునకు = 2008 మార్చి నుంచి విమానాలు ఎగురుతున్న ఊరికి. గణం కుదరక కవి దీర్ఘం మింగాడు. బస్సు కండక్టర్లు ఏ గణమూ అడ్డురాకుండానే మింగుతారు గనుక దోషం లేదు.

ఏగ = వెళ్లగా. పుష్పకమెక్కి అని అధ్యాహారం. కుబేరుడిదా, రావణుడిదా అన్న శంక వద్దు, ఆర్టీసీవారి విమానాశ్రయం బస్సు.

కూత పెట్టె = కుయ్యిమన్నది. ఇక్కడే వ్యాఖ్యాతల మధ్య పెద్ద తగాదా. మిషను పోయిందని బంధువర్గం. అది నిలవదు. మిషను పెంచి పంపిన శబ్దం మౌల్డు సందుల్లోంచి బయటికి కారి, మళ్లీ మైకులోనే పడి, మళ్లీ పెద్దదై రావడమే కూత. పెళ్లిపందిట్లో మైకు పట్టుకుని సౌండుబాక్సు ముందుకెళ్లినవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. మైకు, ఆంప్లిఫయరు, సెల్లు మూడూ బతికుంటేనే మిషను కూస్తుంది. చాలా మిషన్లు ఆన్ చేసి గుప్పిట మూస్తే కుయ్యిమంటాయి. అనకపోతే అప్పుడు దిగులుపడవచ్చు. చెవిలో గులిమి పేరుకున్నా శబ్దం దానికి కొట్టుకుని వెనక్కి మళ్లి ఇదే కూత పుడుతుంది.

కొత్త మిషను = మొన్న కొన్నది. కొత్తదానికి గులిమి ఎక్కడిదని ఆక్షేపణ. మిషను కొత్తదే, చెవి పాతది.

సెల్లు మార్చి చూడ = మేనల్లుడి ఏకైక వైద్యం. జింకు సెల్లు గాలి పీల్చి పనిచేసే జాతి. దాని మీది రంగు స్టిక్కరు (13 నంబరుకు నారింజ, 312కు గోధుమ, 675కు నీలం) ఊడదీసి, ఒక నిమిషమైనా ఊపిరి పీల్చుకోనిచ్చి, అప్పుడు మిషనులో వేయాలి. వెనక ట్యాక్సీవాడు హారను కొడుతుంటే అంత ఓపిక ఎవరికుంటుంది? పీకాడు, వేశాడు. స్టిక్కరు తిరిగి అంటిస్తే సెల్లు మళ్లీ కొత్తదవుతుందని కూడా అతని నమ్మకం. అవ్వదు.

వినదాయె = వినలేదు. మొండికేసింది అని కోడళ్లు చెప్పే అర్థం అగ్రాహ్యం.

గులిమి తీయ = మౌల్డు రంధ్రంలో బిగుసుకున్నదాన్ని మిషనుతోపాటు ఇచ్చిన సన్న తీగతో లాగగా. పిన్నీసుతో కాదు, అగ్గిపుల్లతో అసలే కాదు. తీరికుంటే మౌల్డును విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, బాగా ఆరబెట్టి తగిలించవచ్చు. మిషనుకు మాత్రం స్నానం నిషిద్ధం.

తాత్పర్యము: చిన్నత్త చెవి మిషను విమానాశ్రయం దగ్గర కూసింది, ఆనక మూగబోయింది. గులిమి తీస్తే పలికింది.

విశేషము: తనిఖీలో మిషను తీయాలా అని శిష్యులు అడుగుతారు. అక్కర్లేదు. ఉందని జవానుకు ముందే చూపిస్తే సరి. మెటల్ డిటెక్టరు వల్ల చెడదు. ట్రేలో పెడితే ఎక్స్‌రే కూడా ఏమీ చేయదు, మనం మరిచిపోవడం తప్ప.

గులిమి తీసినా పలకని మిషన్ల గతేమిటి? చెవిని చూపించడానికి కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. సంస్థ 1983లో ముంబయిలో పుట్టింది గానీ, ఆ జంగ్ మన హైదరాబాదువాడే, ఉస్మానియాకు వైస్ ఛాన్సలరుగా చేసినవాడు. ఆదాయం తక్కువైనవారికి మిషను ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం 1981 నుంచీ ఉంది. జామునందు ఈ తలుపులేవీ తట్టలేం గనుక కవి వాటి జోలికి పోలేదు.

చిన్నత్త విమానం అందుకుందా లేదా అన్నది పద్యంలో లేదు. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న వ్యాఖ్యాత మల్లినాథ సూరిది మెదక్ దగ్గరి కొలిచారం. పొరుగు జిల్లావాళ్లం, మేమూ రాయం.