అర్ధరాత్రి వచ్చిన ఖనిజం

హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొన్నవాళ్లకు భూమి ధర పెరుగుతుందన్న సంగతి ముందే తెలుసు. భూమే పెరుగుతుందన్న సంగతి తర్వాత తెలుస్తుంది. ఊరు సద్దుమణిగాక పది టైర్ల టిప్పర్ లైట్లార్పుకుని రివర్సులో వస్తుంది. తొట్టి లేస్తుంది, వెనక తలుపు ఢమాలుమంటుంది. తెల్లారేసరికి హద్దు రాళ్లు మాయం. ఎవరో పాత ఇల్లు కూల్చి సెల్లార్ తవ్వారని ఆ గుట్టే చెబుతుంది: నల్లరేగడి, అందులో బాత్రూం టైల్స్ ముక్కలు, సగం విరిగిన కమోడు.

మా కాలనీలో ఓ రిటైర్డ్ మాస్టారికి ఈ భాగ్యం పట్టింది. ఆయనది లెక్కల సబ్జెక్టు. 200 గజాలంటే 1800 చదరపు అడుగులు, మూడడుగుల ఎత్తున 5400 ఘనపుటడుగులు, అంటే 54 యూనిట్లు. రెండు వానలకు అదంతా బిగిసి కూర్చుంది. బిగిసిన మట్టిని జేసీబీ కదిపితే ఇరవై, ముప్పై శాతం ఉబ్బుతుంది. ఊరికే వచ్చిన 54 యూనిట్లు పోయేటప్పుడు తక్కువలో తక్కువ 65. కిరాయి కూడా ఉబ్బిన మట్టికే.

సరే, ఫిర్యాదు చేద్దామని బయల్దేరారు. ఎవరికి చేయాలన్నది మట్టి కంటే జటిలం. 2000 ఫిబ్రవరి 3 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఇళ్లకు, రోడ్లకు నింపే మామూలు మట్టి కూడా చిన్నతరహా ఖనిజమే, సీనరేజీ రుసుం కట్టాలి. ఆ లెక్కన మాస్టారు రాత్రికి రాత్రి గని యజమాని. అప్పట్లో అమల్లో ఉన్న 2016 నాటి నిర్మాణ వ్యర్థాల నిబంధనల్లోకి వస్తే అదే గుట్ట, కమోడు పుణ్యమా అని, వ్యర్థం. రోజుకు 20 టన్నులు దాటి వ్యర్థం పుట్టించేవాళ్లు దాన్ని వేరుచేసి, ఎక్కడికి తరలిస్తారో ముందే ప్లాన్ ఇవ్వాలని అందులో రాసుంది. అది పగటిపూట టన్నులకే వర్తిస్తుందని మన బిల్డర్ల అవగాహన. శిథిలాలను పిండి చేసి మళ్లీ పనికొచ్చేలా మార్చడానికి జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో కేంద్రాలున్నాయి. అంతదూరం ఎందుకని మాస్టారి ప్లాటునే ఇంకో కేంద్రం చేశారు. పోలీసులేమో సివిల్ తగాదా అన్నారు. బండి నంబరు చెప్పమన్నారు. నంబరు ప్లేటు మీదా మట్టే.

ఈలోగా వాస్తు పండితుడు వచ్చి గుండె పట్టుకున్నాడు. పల్లంగా ఉండాల్సిన ఈశాన్యంలో గుట్ట! టిప్పర్ డ్రైవర్లు దిక్సూచి పెట్టుకు తిరగరు కదా. నైరుతికి నెట్టించమన్నాడు. నెట్టించారు. దోషం పోయింది, జేసీబీ కిరాయి పోయింది, మట్టి మాత్రం ఎక్కడికీ పోలేదు.

చివరికి కాంట్రాక్టర్‌ను పిలిచారు.

"ఎత్తుతం సార్. యాడ పొయ్యాలె?"

"నన్నడుగుతావేంటయ్యా?"

"దూరమైతే డీజిల్ ఎక్కువైతది. పక్క ప్లాటైతే అగ్గువ. ఆ సార్ అమెరికాల ఉంటడు."

ఎవరి పిల్లలు డాలస్‌లో ఉన్నారో, ఎవరికి గ్రీన్‌కార్డు వచ్చిందో పెళ్లిళ్ల పేరయ్యల కన్నా టిప్పర్ల వాళ్లకే బాగా తెలుసు. మాస్టారు వద్దన్నారు. నీతి తప్పనని దూరం కిరాయే కట్టారు. మట్టి మాత్రం దగ్గరికే వెళ్లింది.

ఆర్నెల్లు తిరక్కుండానే కాలనీకి కొత్త సీసీ రోడ్డు మంజూరైంది. పాత రోడ్డు చెక్కకుండా దాని మీదే ఇంకోటి పోశారు. ఖాళీ చేయించిన ప్లాటు అడుగున్నర పల్లమై, వీధిలో నీళ్లన్నీ అందులోకే చేరాయి. ఇప్పుడు ప్లాటు నింపాలి. మళ్లీ అదే కాంట్రాక్టర్.

"మంచి మొరం ఉంది సార్. ట్రిప్పు లెక్కన ఇస్త."

"కొనడమెందుకు? నా మట్టి ఆ పక్కనే కనబడుతోందిగా, అదే వెయ్యి."

కాంట్రాక్టర్ నొచ్చుకున్నాడు. "గట్లెట్ల సార్? అది అమెరికా సార్ ప్లాట్ల మట్టి. అడగకుండ ముట్టుకుంటే దొంగతనమైతది."