బిజీ, అంతే

ఇది ఒక ప్రోగ్రాం ఆత్మకథే. అయినా ఇందులో ‘నేను’ కనిపించదు. ఎదుటివాళ్ల పేర్లు చెరిపే కొలువులో కుదిరిన ఆ ప్రోగ్రాం తన పేరును కూడా చెరిపేసుకుంది.

దాని కాపురం పుదుచ్చేరి నెల్లితోపులో, ఒక అద్దె ఇంటి ల్యాప్‌టాప్‌లో. పేరులో ఉసిరి తోపు ఉన్నా, వినిపించేది బస్సుల హారన్లే. యజమానురాలిది యానాం. అదీ పుదుచ్చేరిలో భాగమే, కానీ 800 కిలోమీటర్లకు పైగా అవతల, గోదావరి ఒడ్డున ఉంటుంది. ఆమెకు క్యాలెండర్లు రెండు: ఇంటిదొకటి, ఆఫీసుదొకటి. పావుగంటకోసారి మొదటిది చదివి, రెండోదాంట్లో ఆ వేళలు మూసిపెట్టడం దీని పని.

మొదటి రోజే పరువు పోయింది. జిప్మర్ ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళ్లే రోజును ఆమె ‘ప్రైవేట్’ అని గుర్తుపెట్టి, ఇక చాలనుకుంది. వివరమంతా ఉన్నదున్నట్టు ఆఫీసుకు చేరింది.

క్యాలెండర్లు మాట్లాడుకునే భాష పేరు ఐక్యాలెండర్. 1998లో ఖరారై, 2009లో ఆర్‌ఎఫ్‌సి 5545 అనే ప్రమాణపత్రంగా మారింది. అందులో ‘క్లాస్’ అనే వరుస ఉంటుంది: పబ్లిక్, ప్రైవేట్, కాన్ఫిడెన్షియల్. అది యజమాని మనసులో మాట చెబుతుందే గాని తలుపుకు గడియ వెయ్యదు. చదివే సాఫ్ట్‌వేర్‌కు మర్యాద ఉంటేనే గుట్టు నిలుస్తుంది.

ఆ సాయంత్రమే సెట్టింగులు మారాయి. స్థలం, వివరణ, పిలుపు అందుకున్నవాళ్ల ఈమెయిళ్లు, అలారాలు ఇప్పుడు గడప దాటవు. ఈవెంట్ గుర్తింపైన యూఐడీ కూడా కొత్తదే పుడుతుంది. అంత చాదస్తం ఎందుకంటే, పాత పద్ధతిలో ఆ గుర్తింపు తోకకు కంప్యూటర్ డొమైన్ పేరు తగిలించేవారు. పిలుపు ఏ గూటి నుంచి వచ్చిందో అదే చెప్పేసేది. 2016లో ఆర్‌ఎఫ్‌సి 7986 ఆ అలవాటు మానుకోమంది.

శీర్షిక దగ్గర మాత్రం కాస్త తర్జనభర్జన జరిగింది. ఐక్యాలెండర్‌లో వరుస 75 బైట్లు మించకూడదు. యూనికోడ్ యూటీఎఫ్-8 రూపంలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు మింగుతుంది. ‘ప్రస్తుతం వేరే పనిలో ఉన్నారు’ అని మర్యాదగా రాస్తే వరుస విరిగింది. ‘బిజీ’ 12 బైట్లతో సరిపెట్టుకుంది.

నెల తిరిగేసరికి పక్క సీటాయన నవ్వుతూ అడిగాడు: “మంగళవారం నాలుగింటికల్లా మాయమవుతారు, ఫ్రెంచ్ క్లాసా మేడమ్?”

వారం వారం ఒకే గడి మూసి ఉంటే మనిషి ఊహించడా మరి! దాన్ని ఆపే బటన్ ఈ ప్రోగ్రాం మెనూలో లేదు. ఆ రాత్రి ఆమె గురువారం సాయంత్రానికి ఒక ఉత్తుత్తి ఈవెంట్ పెట్టింది. పావుగంటలో అదీ ‘బిజీ’గానే దాటింది.