పెదనాన్న పట్టని పత్రం: జనన మరణాల రిజిస్ట్రారు వారికి బహిరంగ లేఖ

తిరువూరు జనన మరణాల రిజిస్ట్రారు వారి సముఖానికి,

విషయం: మరణ నివేదికలో గడులు చాలకపోవుట గురించి.

ఆర్యా,

1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని అనుసరించి ఇంట్లో సంభవించిన మరణాన్ని ఆ ఇంటి పెద్ద 21 రోజుల్లోగా తెలియజేయాలి. పోయినవాడే ఇంటి పెద్ద అయినప్పుడు ఆ బాధ్యత దగ్గరి బంధువుల మీద పడుతుంది గనుక, వారిలో ఎక్కువమందికి పెదనాన్న వరస అయిన ఒక మామిడి రైతు విషయమై ఈ లేఖ దాఖలవుతోంది.

నివేదికకు వాడే ఫారం-2లో రెండు భాగాలున్నాయి. పేరు, తేదీ, స్థలం ఉండే న్యాయపరమైన భాగం కార్యాలయంలో నిలుస్తుంది. వృత్తి, మరణ కారణం వంటివి ఉండే గణాంక భాగం లెక్కల కోసం పైకి పోతుంది. మృతుడు పొగ తాగేవాడా, పొగాకు నమిలేవాడా, వక్క నమిలేవాడా, మద్యం సేవించేవాడా, అయితే ఎన్ని సంవత్సరాలు అని ప్రభుత్వం అడుగుతూ వచ్చింది ఈ రెండో భాగంలోనే. మనిషి సుఖాల గురించి సర్కారు ఆరా తీసే సందర్భం బహుశా ఇదొక్కటే, అదీ ఆ సుఖమే ప్రాణం తీసిందేమోనన్న అనుమానంతో. ప్రజారోగ్యానికి ఆ లెక్క అవసరమే. కాని పెదనాన్న విషయంలో ఆ గడులన్నీ నింపినా తేలేది, ఆయన భోజనానంతరం వక్క నమిలేవాడని మాత్రమే.

తిరువూరు, విస్సన్నపేట, నూజివీడు ప్రాంతాల్లో మామిడి తోటను గుత్తకివ్వడం, అంటే పూత మీదో పిందె మీదో ఆ యేటి కాపునంతా ఒక ధరకు వ్యాపారికి అప్పగించి కోత ఖర్చూ గాలివాన నష్టమూ అతనికే వదిలేయడం, పాత అలవాటు. పెదనాన్న బంగినపల్లి చెట్లనూ, ఇక్కడ కలెక్టర్ కాయ అని పిలిచే తోతాపురి చెట్లనూ గుత్తకిచ్చేవాడు గాని, బావి దగ్గరి చిన్న రసం చెట్టును ఇచ్చేవాడు కాదు. ధర పెంచినా, మధ్యవర్తిగా వియ్యంకుణ్ణే వెంటబెట్టుకొచ్చినా వ్యాపారులకు దక్కిన జవాబు "అది లెక్కలో లేదు" అన్న మూడు మాటలే. ఆ కాయల్ని తొడిమతో సహా కోయించి, అటక మీద వరిగడ్డిలో మాగవేసి, మధ్యాహ్నం వేళ నిచ్చెనెక్కి ఒక్కొక్కదాన్నే వాసన చూసి, నేటివి ఏవో రేపటివి ఏవో ఏరేవాడు. కాల్షియం కార్బైడ్‌తో కాయలు మగ్గించడాన్ని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించిన సంగతి ఆయనకు తెలియదు, తెలియవలసిన పనీ పడలేదు. చిన్న రసం కోసుకుని తినే పండు కాదు. పీచూ రసమూ ఎక్కువ గనుక చేతుల్లో మెత్తగా పిసికి, తొడిమ దగ్గర చిల్లుపెట్టి జుర్రుకోవాలి. అది సాగుతున్నంతసేపు, పలకరించినవారు ఎంతటివారైనా, జవాబు ఉండేది కాదు.

ఆయన మొండితనం వాదించేది కాదు; ఎదుటివారు చెప్పిందంతా విని, తల ఊపి, తాను అనుకున్నదే చేసే రకం. పిల్లలు కొనిచ్చిన చెవి మిషను పెట్టెలోంచి బయటికి రాలేదు. అది పెట్టుకుంటే ఇంట్లో కొందరి మాటలు వినిపించకుండా ఉండే సౌకర్యం పోతుందని ఆయన భావించి ఉంటాడని బంధువర్గం అంచనా. 2022 ఏప్రిల్ 4న తిరువూరు కృష్ణా జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి మారినా, ఆయన రాసిన ప్రతి అర్జీ మీదా పాత జిల్లా పేరే ఉండేది. దిద్దమంటే కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు.

కావున, గణాంక భాగంలో మృతుడికి ఏది ఇష్టమో, దేనికి ఒప్పుకోలేదో, ఆ రెండూ ఎన్ని సంవత్సరాలు సాగాయో తెలిపే గడులు చేర్చవలసిందిగా మనవి. ఫారం మార్చే అధికారం తమ కార్యాలయానికి లేదని, నియమాలు పైనుంచే వస్తాయని బంధువర్గం ఎరుగును. కనుక దీన్ని పై అధికారులకు పంపగలరు. నివేదికలో జిల్లా అన్నచోట ఎన్టీఆర్ జిల్లా అనే రాయడమైనది. దానిపై మృతుడి అభ్యంతరాన్ని కూడా నమోదు చేయగలరని ప్రార్థన.

ఇట్లు
బంధువర్గం, తిరువూరు