ఒకటో అంకె మెట్టు

పోడియంలో మూడు మెట్లుంటాయి. అందులో ఎత్తయినదాన్ని, నడిమిదాన్ని నేను. ఆస్ట్రియాలో స్పీల్‌బర్గ్ దగ్గర, పచ్చటి కొండవాలులో ఉన్న, అప్పట్లో ఏ1-రింగ్ అని పిలిచిన ఫార్ములా వన్ ట్రాక్ నా చోటు. ఇంజన్ల మోత, జనం కేకలు నాకు వినబడతాయి. ఎవరు గెలిచారన్నది మాత్రం నా మీదికెక్కే పాదాలే చెప్పాలి.

2001లో నా మీద నిలబడింది మెక్‌లారెన్ డ్రైవర్ డేవిడ్ కూల్తార్డ్. రెండో మెట్టు మీద మైకేల్ షూమాకర్, మూడో మెట్టు మీద రూబెన్స్ బారికెల్లో. ఇద్దరూ ఫెరారీ వాళ్లే. నిజానికి చివరి ల్యాప్ చివరి మలుపు దాకా రెండో స్థానం రూబెన్స్‌దే. జట్టు అధిపతి జాన్ టాడ్ రేడియోలో చెప్పడంతో దారి వదిలాడు. పోయింది రెండో స్థానమే కాబట్టి గొడవ పెద్దది కాలేదు.

2002 మే 12 వేరు. అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే పోల్ స్థానం రూబెన్స్‌ది, 71 ల్యాపుల్లో దాదాపు అన్నింటా ముందున్నదీ అతనే. ఒకే జట్టు, ఒకే రకం కారు; డ్రైవర్ సత్తా తేలడానికి అంతకంటే సరైన కొలత ఉండదు. అందుకే ఈ ఆటలో మొదటి ప్రత్యర్థి సహచరుడే. ఆ వారాంతం ప్రపంచ చాంపియన్ మైకేల్ కంటే రూబెన్సే వేగంగా ఉన్నాడు. అప్పటికి అతను గెలిచింది ఒకే ఒక్క గ్రాండ్ ప్రి, 2000లో హాకెన్‌హైమ్‌లో. రెండోది చేతికందే వేళ మైకేల్‌కు దారి వదలమని జట్టు చెప్పింది. ముగింపు గీత ఇక కొద్ది మీటర్ల దూరంలో ఉందనగా రూబెన్స్ వేగం తగ్గించాడు. తేడా 0.182 సెకన్లు. నోటికాడి కూడు లాగేసినట్టయింది.

అంతటి ఈలలూ అరుపులూ నేనెప్పుడూ వినలేదు. సంబరానికి వేసే ఈలలు కావవి. మైకేల్ వచ్చి నా మీద నిలబడలేకపోయాడు. రూబెన్స్‌ను చేత్తో నెట్టి పైకెక్కించి, తాను రెండో మెట్టు మీదే ఉండిపోయాడు. జర్మనీ జాతీయగీతం మొదలైంది. నా మీదున్నదేమో బ్రెజిల్ వాడు! ఆస్ట్రియా చాన్సలర్ షూసెల్ చేతుల మీదుగా అందుకున్న ట్రోఫీని మైకేల్ రూబెన్స్ చేతిలో పెట్టాడు. అధికారిక ఫలితం ఒకటి, నేను మోసిన బరువు మరొకటి.

జూన్ 26న ఈ ఆటను నియంత్రించే ఎఫ్ఐఏ తీర్పు చెప్పింది. జట్టుకూ ఇద్దరు డ్రైవర్లకూ కలిపి పది లక్షల డాలర్ల జరిమానా, అందులో సగం తాత్కాలికంగా నిలుపుదల. ఏ నేరానికనుకున్నారు? పోడియం మర్యాద తప్పినందుకు! నా మీద ఎక్కవలసినవాడు ఎక్కనందుకు! ఆదేశం ఇచ్చినందుకు శిక్ష లేదు, అప్పటి నిబంధనల్లో అది తప్పు కాదు. నాకు మాత్రం ఆ రోజు జరిగినవాటిలో సిగ్గుపడనవసరం లేని పని ఏదన్నా ఉంటే అది నా మీద జరిగిందే.

ఫెరారీ వాదనా వినాలి. 1997, 98, 99లో వరసగా మూడేళ్లు డ్రైవర్ల టైటిల్‌ను చివరి రేసులో పోగొట్టుకున్న జట్టది. ఒక్కో పాయింటూ కూడబెట్టుకోవాలన్న భయం ఉంటుంది, కాదనను. కానీ అది 17 రేసుల్లో ఆరోది. స్పీల్‌బర్గ్‌కు వచ్చేసరికే మైకేల్‌కు 44 పాయింట్లు, వెనకున్న మోంటోయాకు 23. అప్పట్లో మొదటి స్థానానికి 10, రెండోదానికి 6. ఇంత గొడవా ఆ నాలుగు పాయింట్ల కోసం. జులై 21న ఫ్రాన్స్‌లో, ఇంకా ఆరు రేసులుండగానే మైకేల్ చాంపియన్ అయిపోయాడు.

2003 నుంచి ఫలితాన్ని మార్చే జట్టు ఆదేశాలను నిషేధించారు. ఆదేశాలు ఆగలేదు, చాటుమాటు మాటలయ్యాయి. 2010లో హాకెన్‌హైమ్‌లో ముందున్న ఫెలిపె మాసాకు, సహచరుడు అలోన్సో నీకంటే వేగంగా ఉన్నాడని రేడియోలో చెప్పారు. అర్థం చేసుకుని తప్పుకున్నాడు. అదీ ఫెరారీయే, ఈసారి జరిమానా లక్ష డాలర్లు. 2011లో నిషేధం ఎత్తేశారు. ముసుగు తీసి చెప్పడమే నయమంటాను. టైటిల్ ఆశ ఒక్కరికే మిగిలినప్పుడు రెండోవాణ్ణి సాయమడగడంలో తప్పు లేదు. మే నెలలోనే అడగడం అన్యాయం.

మళ్లీ 2002కే వస్తే, ఆ ఏడాది సెప్టెంబరు 29న ఇండియానాపొలిస్‌లో మైకేల్ గీత దగ్గర వేగం తగ్గించాడు. రూబెన్స్ 0.011 సెకన్ల తేడాతో గెలిచాడు. దాంతో బాకీ తీరిందంటే నేనొప్పుకోను. అక్కడి గెలుపు అతనికి ఒకరు ఇచ్చింది. స్పీల్‌బర్గ్‌లో పోయింది అతను సంపాదించుకున్నది.