సోఫా కింద ఐదేళ్లు

నేను బ్యాటరీని. పన్నెండు వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు, ట్యూబులర్ రకం. పొట్టలో ఆరు గదులు, గదికి రెండేసి వోల్టులు. లోపల సీసం పలకలు, వాటిని ముంచి ఉంచే యాసిడ్ నీళ్లు. మా మూలపురుషుణ్ని 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు.

2019 మార్చిలో నంద్యాలలో ఒక ప్రచార రథం ఎక్కాను. సోఫా, ఫ్యాను, లైట్లు, మైకు, పైకెక్కడానికి నిచ్చెన ఉన్న బండి అది. 1982లో పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చుకుని, కొడుకు హరికృష్ణ నడుపుతుండగా ఎన్టీఆర్ రాష్ట్రమంతా తిరిగారు. అలా రథం నాయకుడికి నెలల తరబడి ఇల్లయింది. మన వైపు మోటార్‌హోమ్ అంటే ఇప్పటికీ అదే.

బండిలో మేం ఇద్దరం. ఇంజను పక్కన ఉన్నవాడి పని సెల్ఫ్ కొట్టడం: ఒక్క దెబ్బకు వందల ఆంపియర్లు తోసి ఊరుకుంటాడు. సోఫా కింద ఉన్న నాది నిదానం పని: గంటల తరబడి మైకుకూ ఫ్యానుకూ కరెంటు పొయ్యడం. నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, రుద్రవరం, చాగలమర్రి... పగలంతా తిరిగేవాళ్లం. ఇంజను నడుస్తుంటే డైనమో నా కడుపు నింపేది. అంత ఎండలోనూ నాకు ఏ జబ్బూ రాలేదు.

ఏప్రిల్ 11న పోలింగు అయింది. మర్నాడు బండిని ఆళ్లగడ్డలో రేకుల షెడ్డులో పెట్టి, తాళం వేసి వెళ్లిపోయారు. పక్కనే శిల్పులు. తెల్లారితే రాతి మీద ఉలి చప్పుడు. ఆ రాతిపొడి రేకుల సందుల్లోంచి వచ్చి నా మూత మీద పేరుకునేది. యాసిడ్ తడి తగిలిన దుమ్ము ఊరుకోదు, రెండు టెర్మినళ్ల మధ్య సన్నని దారి వేసి కరెంటును కార్చేస్తుంది.

అసలు దొంగలు మాత్రం బండిలోనే ఉన్నారు. స్విచ్ ఆపినా మేలుకునే ఉండే జీపీఎస్ డబ్బా, మైకు ఆంప్లిఫయరు మీది బుల్లి ఎర్ర దీపం. రెండూ కలిసి పదో వంతు ఆంపియరు తాగాయనుకోండి, రోజుకు 2.4 ఆంపియర్ అవర్లు. రెండు నెలలకు 150 హుళక్కి! ఎవరూ తాగకపోయినా, ఊరికే కూచున్నందుకే నెలకు నూటికి మూడు నుంచి అయిదు వంతులు తరుగుతాం. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ తరుగు రెట్టింపు. మే నెలలో రేకుల కింద మా గతి ఏమిటో నంద్యాల ఎండ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

కరెంటు తరిగినప్పుడల్లా పలకల మీద సల్ఫేటు పూస్తుంది. వెంటనే ఛార్జింగ్ పెడితే కరిగిపోతుంది. వదిలేస్తే ఊరగాయ జాడీ అడుగున ఉప్పు కట్టినట్టు గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత కరెంటు పోసినా లోపలికి దిగదు.

2020 జనవరి, కనుమ. అహోబిలం స్వామి పార్వేట ఉత్సవానికి పల్లెల మీదికి బయల్దేరే రోజులు. మైకు కట్టడానికి బండి కావాల్సి వచ్చింది. డ్రైవరు తాళం తిప్పితే 'టిక్' అని ఒక్క శబ్దం, అంతే. ఇంజను పక్కవాడు పోయాడు. నన్ను పీకి నంద్యాలలో బ్యాటరీ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లారు. మీటరు పెడితే 10.8 వోల్టులు.

"ఏమన్నా, ఇది లేస్తాదా?" డ్రైవరు అడిగాడు.

"లేస్తాది గానీ, మునుపట్ల ఉండదప్పా. గొడ్డును తొమ్మిది నెలలు కట్టేసి, మేత ఎయ్యకుండా, కనుమ నాడు కాడి కట్టమంటే కడతాదా?"

మూతలు విప్పి చూశాడు. రెండు గదుల్లో పలకలు బయటపడి ఉన్నాయి. అవి మునిగేదాకా డిస్టిల్ వాటర్ పోశాడు. యాసిడ్ జోలికి పోలేదు. ఆవిరైపోయేది నీళ్లే. "బీడీ ఆర్పప్పా, గ్యాస్ వస్తాది" అని డ్రైవర్ని కసిరి, అయిదు ఆంపియర్ల మీద రెండు రోజులు మెల్లగా ఛార్జింగ్ ఎక్కించాడు. యాసిడ్ గ్రావిటీ 1.100 నుంచి 1.220కి వచ్చింది. నా బలంలో అయిదో వంతు మాత్రం తిరిగి రాలేదు.

డ్రైవరు ఆ రోజు నేర్చుకున్న పాఠం మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు పనికొచ్చింది. బండి పెట్టేముందు నన్ను నిండా ఛార్జ్ చేశాడు. మూత తుడిచాడు, నెగటివ్ వైరు ముందుగా విప్పాడు. వారానికోసారి పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఆపే పని పెట్టుకోలేదు. అంత కొద్దిసేపట్లో నా కడుపు నిండదు మరి. ఆ తర్వాత షెడ్డు పైన 40 వాట్ల సోలార్ ప్యానెల్ వేసి, కంట్రోలర్ ద్వారా నాకు కలిపాడు. నిండగానే కంట్రోలర్ తగ్గించేస్తుంది. అతిగా పోస్తే నీళ్లు గ్యాసై పోతాయి. నెలకోసారి వచ్చి మీటరు పెడతాడు: 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 దిగితే ఛార్జరు పెట్టేస్తాడు.

మా వైపు కరెంటు పుట్టించేవీ, దాచేవీ రెండూ ఉన్నాయి. గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. పిన్నాపురంలో నీళ్లను పైచెరువుకు ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలి 1680 మెగావాట్లు తీసే ప్రాజెక్టు ఉంది. అక్కడా నీళ్లు పైకి ఎక్కిస్తేనే కిందికి దిగేది. సోఫా కింద నాదీ అదే లెక్క.

మళ్లీ ఎన్నికలు వచ్చాయి. 2024 మే 13న పోలింగు ముగిసింది. ఆ సాయంత్రమే డ్రైవరు షెడ్డులో నా నెగటివ్ వైరు తీసి పక్కన పెట్టాడు. ముసలిదాన్నయ్యాను. మైకు రెండు గంటలకు మించి లాగలేను. అయినా ఇన్నాళ్లు బతికానంటే, పని లేని రోజుల్లో కూడా నన్ను తలుచుకున్న ఒక మనిషి ఉన్నందుకే.

మీ షెడ్డులో ట్రాక్టరు గానీ, వాకిట్లో కారు గానీ నెలకు మించి ఆగబోతుంటే, నెగటివ్ విప్పి, నిండా ఛార్జ్ చేసి పెట్టండి. నెలకోసారి మీటరు పెట్టండి. ఇక లేవనని తేలిన నాడు నన్ను వీధిలో పగలగొట్టించకండి, యాసిడ్ కాలువలో పారబోయకండి. కొన్న కొట్టుకే తిరిగి ఇవ్వండి. నా సీసంతో మరో బ్యాటరీ పుడుతుంది.